ఎగరగలదు సరే, చూడగలదా?

సూర్యకాంతి మీద ఆధారపడి నెలల తరబడి ఆకాశంలో ఉండిపోవాలని తయారు చేసిన మానవరహిత విమానాల చరిత్ర చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2001లో 96,863 అడుగుల ఎత్తుకెక్కి రికార్డు నెలకొల్పింది నాసా వారి హీలియోస్. అదే హీలియోస్ 2003 జూన్ 26న హవాయి దీవుల్లోని కవాయి దగ్గర, బయల్దేరిన అరగంటకే, మూడు వేల అడుగుల దరిదాపుల్లో గాలి కుదుపులకు విరిగి సముద్రంలో పడింది. గూగుల్ చేతికి వచ్చిన టైటాన్ సంస్థ విమానం సొలారా 2015 మే 1న న్యూమెక్సికోలో, నేల వేడెక్కి ఎగదన్నిన గాలిలో చిక్కుకుని కొద్ది నిమిషాల్లోనే కూలింది. ఫేస్‌బుక్ వారి అక్విలా 2016 జూన్ 28న ఆరిజోనాలోని యూమాలో గంటన్నర చక్కగా ఎగిరి, దిగబోయే ముందు గాలి విసురుకు రెక్క విరగ్గొట్టుకుంది. ఎయిర్‌బస్ జెఫిర్ 2019లో ఆస్ట్రేలియాలోని విండమ్ దగ్గర రెండుసార్లు పైకెక్కే దశలోనే ముక్కలైంది. 2022లో ఏకబిగిన 64 రోజులు ఎగిరింది కూడా ఆ జెఫిర్ రకం విమానమే. వీటన్నిటినీ అరవై వేల అడుగులకు పైన ఉండే నిలకడైన పొర కోసం రూపొందించారు. అక్కడికి చేరేలోపో, అక్కడి నుంచి దిగేటప్పుడో కింది పొర వాటిని దెబ్బతీసింది.

ఇంజనీర్లు తెలివితక్కువవాళ్లేం కాదు. వాళ్ల దగ్గర ప్రపంచంలోకెల్లా మంచి వాతావరణ సూచనలే ఉన్నాయి. అయితే ఆ సూచనలు వేరే అవసరం కోసం పుట్టినవి. మూడు వందల మందిని మోసుకుపోయే విమానం కోసం, తుపాను కదలిక కోసం, రేపటి వాన కోసం తయారైన లెక్కలను తేలికపాటి రెక్కల మీద, నాలుగు ఫ్యాన్ల డ్రోన్ల మీద మోపుతున్నాం. ఆ లెక్కలు ఎక్కడ పనికొస్తున్నాయి, ఎక్కడ తేలిపోతున్నాయి అన్నదే ఈ వ్యాసం.

డ్రోన్ నడిపేవారికి కావలసిన జవాబులు రెండు. ఈ గాలిలో, ఈ వానలో, ఈ వేడిలో యంత్రం వెళ్లి క్షేమంగా తిరిగిరాగలదా అన్నది మొదటిది. వెళ్లిన పని అవుతుందా, అంటే దాని కెమెరాకు చూడవలసింది కనిపిస్తుందా, చల్లవలసిన మందు చల్లవలసిన చోటే పడుతుందా అన్నది రెండోది. జనం చేతుల్లో ఉన్న పరికరాల్లో చాలావరకు మొదటి ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. రెండోదాన్ని సైన్యాలు ఎప్పటి నుంచో పట్టించుకుంటున్నాయి. పౌర రంగం ఇంకా దాని జోలికి సరిగా పోలేదు. నా దృష్టిలో అసలు లోటు అదే.

సైన్యాలు ఎందుకు పట్టించుకున్నాయో చెప్పడానికి ప్రిడేటర్ కథ చాలు. 1995లో అమెరికా దాన్ని బోస్నియా మీదికి పంపినప్పుడు మేఘాలు కెమెరాకు అడ్డొచ్చేవి. మేఘం కిందికి దిగితే తుపాకులకు అందుతుంది, పైన ఉంటే ఏమీ కనపడదు. మేఘంలో దూరితే రెక్కల మీద మంచు పేరుకుంటుంది. సన్నని రెక్కకు కొద్దిపాటి మంచు పొర కూడా ప్రమాదమే, ఎందుకంటే బరువు పెరగడం కన్నా ముందు రెక్క ఆకారం చెడి ఎత్తే శక్తి పడిపోతుంది. తర్వాతి కాలంలో రెక్క అంచు నుంచి గ్లైకాల్ ద్రవం చెమర్చే ఏర్పాటు చేశారు, మేఘాల గుండా చూసే రాడార్ జోడించారు. ఈ రెండూ సూచన మీద నమ్మకం చాలక చేసుకున్న ఏర్పాట్లే.

ఇక సూచనల సంగతి. ప్రపంచమంతటికీ లెక్కగట్టే మోడళ్లలో అమెరికా వారి జీఎఫ్ఎస్ నేలను విడగొట్టే ఒక్కో గడి వెడల్పు సుమారు 13 కిలోమీటర్లు, యూరప్ కేంద్రానిది సుమారు 9. అమెరికా భూభాగం మీద గంటకోసారి కొత్తగా లెక్కగట్టే హెచ్ఆర్ఆర్ఆర్ గడి 3 కిలోమీటర్లు. మన దేశంలో 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడితో నడుస్తోంది. ఇది నిజంగా గర్వించదగ్గ పని. అయినా ఆరు కిలోమీటర్ల గడి అంటే 36 చదరపు కిలోమీటర్లకు ఒకే గాలి, ఒకే వేడి. అందులో ఒక చెరువు, ఒక గుట్ట, ఒక పత్తి మిల్లు, నాలుగు ఊళ్లు ఇమిడిపోతాయి. గుట్ట వెనక సుడి తిరిగే గాలి ఆ లెక్కలో ఉండదు. 2023లో సంచలనం రేపిన కృత్రిమ మేధ మోడళ్లు గ్రాఫ్‌కాస్ట్, పాంగు వెదర్ వారం ముందు సూచనలో పాత మోడళ్లను దాటిపోయాయి కానీ వాటి గడి పావు డిగ్రీ, అంటే ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. డ్రోన్ పైలట్‌కు అవి ఇవ్వగలిగిందల్లా ఫలానా రోజున రుతుపవనం ముదురుతుందన్న కబురు. అది పనికిమాలిన కబురేం కాదు, కానీ పొలం గట్టు మీద నిలబడి తీసుకునే నిర్ణయానికి చాలదు.

మన డ్రోన్ నిబంధనలు 2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా, అంటే సుమారు 120 మీటర్ల దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరవచ్చు. దాదాపు మన డ్రోన్ల బతుకంతా ఆ 120 మీటర్లలోనే. ఆ పొరలో గాలి ఎలా ఉందో కొలిచేవాళ్లు ఎవరు? వాతావరణ శాఖ స్టేషన్లలో గాలి వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తున కొలుస్తారు. పైగాలుల కోసం హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం వంటి చోట్ల రోజుకు కొద్దిసార్లే బెలూన్లు వదులుతారు. బెలూన్ సెకనుకు ఐదు మీటర్ల చొప్పున లేస్తుంది. అంటే డ్రోన్లు తిరిగే పొరను అది అర నిమిషంలోపే దాటేస్తుంది. ఇంత పెద్ద తెలుగు నేల మీద డ్రోన్ల ఆకాశానికి మనకు దక్కే నేరుగా కొలిచిన సమాచారం అదీ. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనాశాలకు ప్రపంచ స్థాయి ఎంఎస్‌టీ రాడార్ ఉంది. కానీ ఆ రాడార్ చూపు కిలోమీటర్ల ఎత్తు మీద. పొలం మీది గాలి దాని పని కాదు.

పది మీటర్ల దగ్గర కొలిచిన గాలిని 120 మీటర్లకు హెచ్చవేసే సూత్రాలున్నాయి. చదునైన నేల మీద పగటిపూట వాడే మామూలు సూత్రం ప్రకారం కింద సెకనుకు 5 మీటర్లుంటే పైన 7 ఉంటుంది. తెల్లవారుజామున ఈ సూత్రం పనిచేయదు. రాత్రంతా నేల చల్లబడి, కింది గాలి బరువెక్కి కదలకుండా కూర్చుంటుంది. దాని మీది గాలి నేల పట్టు వదిలి జారిపోతుంటుంది. కింద ఆకు కదలకపోయినా తాటిచెట్టు దాటాక డ్రోన్ ఒక్కసారిగా పక్కకు వాలుతుంది. యాప్‌లో మాత్రం గాలి సున్నా అని ఉంటుంది.

మందు పిచికారీ చేసేవాళ్లకు ఈ పొద్దుటి గాలి మరో రకంగా చేటు చేస్తుంది. కృష్ణా డెల్టాలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారి చూడండి. పొయ్యి పొగో, గడ్డి తగలబెట్టిన పొగో పైకి లేవదు. చెట్ల తలల ఎత్తున చాపలా పరుచుకుని మెల్లగా పక్క ఊరివైపు పాకుతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉండటం వల్ల ఇలా జరుగుతుంది. మామూలుగా ఎత్తుకు పోయేకొద్దీ తగ్గవలసిన వేడి ఇక్కడ పెరుగుతుంది కాబట్టి కింది గాలికి పైకి దారి ఉండదు. ఆ వేళలో డ్రోన్ చల్లిన మందులోని సన్న తుంపరకు కూడా అదే గతి. కిందికి దిగదు, పైకి పోదు, పొగ పోయినట్టే పక్కకు పోతుంది. ఒక రైతు మినుము చేలో కొట్టిన కలుపు మందు అవతలి రైతు కూరగాయ మడిలో పడటానికి పెద్ద గాలి అక్కర్లేదు. గాలి లేకపోవడమే చాలు. గాలి వేగం ఒక్కటే చూసి పచ్చరంగు చూపించే పరికరం ఈ వేళను అన్నిటికన్నా మంచి వేళగా చెబుతుంది. పొగ పైకి లేవడం మొదలయ్యాక, ఎండ ముదరకముందు ఉన్న కాస్త సమయమే నిజానికి మంచి అదను. రెండు ఎత్తుల్లో రెండు చవకైన థర్మామీటర్లు కట్టిన కర్ర ఒకటి గట్టు మీద పాతితే ఈ సంగతి ముందే తెలుస్తుంది. స్వయం సహాయక బృందాల మహిళలకు పదిహేను వేల డ్రోన్లు ఇవ్వాలని నమో డ్రోన్ దీదీ పథకం తలపెట్టింది. ఆ డ్రోన్ల పెట్టెలో అలాంటి కర్ర కూడా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

వేడి గురించి ఒక్క మాట. 15 డిగ్రీల దగ్గరతో పోలిస్తే 45 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత తొమ్మిది శాతానికి పైగా తగ్గుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం అదే బరువు ఎత్తడానికి ఫ్యాన్లు మరింత వేగంగా తిరగాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. కంపెనీలు కాగితం మీద ఇచ్చే ఎగిరే సమయం ఈ వేడిలో కొలిచింది కాదు. వాన విషయంలో, గాలి విషయంలో కూడా కాగితం మీది హద్దులే చాలామందికి ఆధారం. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఆ హద్దులనే ప్రపంచ పటం మీద పరిచి లెక్క వేశారు. ఎక్కువ జనాభా ఉన్న నగరాల్లో మామూలు డ్రోన్‌కు రోజులో సగటున 5.7 గంటలే అనుకూలమని, పగటి వేళకే పరిమితమైతే 2 గంటలేనని తేలింది. వాతావరణాన్ని తట్టుకునేలా కట్టిన డ్రోన్లకు ఇది 20.4 గంటల దాకా పెరిగింది. అంటే సూచన ఎంత బాగున్నా కొంతవరకే. గట్టి యంత్రం కట్టుకోవడం కూడా అంతే అవసరం.

ఇప్పుడు రెండో ప్రశ్నకు, అంటే చూపు దగ్గరికి వద్దాం. పరారుణ కెమెరా వెలుతురును కాక వేడిలో తేడాను చూస్తుంది. చూడవలసిన వస్తువుకూ దాని వెనకున్న నేలకూ ఉష్ణోగ్రత ఒకటే అయితే ఎంత ఖరీదైన కెమెరాకైనా అది కనిపించదు. రోజులో రెండుసార్లు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇది మామూలుగా జరుగుతుంది. రాయి మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది, ఇనుము త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. పొద్దున ఒక గడియలోనూ, పొద్దుగూకాక ఒక గడియలోనూ ఆ రెండింటి వేడీ సమానమవుతుంది. సైనిక భాషలో దీన్ని థర్మల్ క్రాసోవర్ అంటారు.

దీన్ని ముందే చెప్పడానికి అమెరికా త్రివిధ దళాల ప్రయోగశాలలు కలిసి టాస్ అనే సాఫ్ట్‌వేర్ రూపొందించాయి. ఫలానా చోట, ఫలానా వేళకు గాలి, తేమ, మబ్బు, నేల తీరు, ఎండ కోణం ఇస్తే, ఫలానా రకం కెమెరాకు ఫలానా లక్ష్యం ఎంత దూరం నుంచి చిక్కుతుందో అది లెక్కగట్టి చెబుతుంది. దీని వెనక రెండు పాత పునాదులున్నాయి. ఒకటి, గాలిలోని ఆవిరి, ధూళి ఏ తరంగాన్ని ఎంత మింగుతాయో చెప్పే మోడ్‌ట్రాన్ వంటి లెక్కలు. రెండోది, 1958లో జాన్ జాన్సన్ చూపించిన ప్రమాణం. ఏదో ఉందని పసిగట్టడానికి వస్తువు మీద ఒక జత గీతలు విడివిడిగా కనిపిస్తే చాలు; అది ఏ జాతి వస్తువో పోల్చుకోవడానికి నాలుగు జతలు, ఫలానాదే అని తేల్చడానికి ఆరుకు పైగా కావాలి. సున్నితమైన, ఆలోచించి కట్టిన వ్యవస్థ ఇది. బాంబు గురి కోసం పుట్టిందన్న మాట నిజమే, కానీ తప్పిపోయిన మనిషిని వెతకడానికి కూడా ఇదే భౌతికశాస్త్రం.

మన దగ్గరికి తెచ్చి చూద్దాం. మే నెల మధ్యాహ్నం రాయలసీమ గుట్టల్లో దారి తప్పిన పశువుల కాపరిని వెతకాలి. బండలు 50 డిగ్రీలు దాటి కాలుతుంటాయి. మనిషి ఒంటి పైభాగం 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది. తెరమీద మనిషి వెలిగే చుక్కలా కాక, వెలిగే బండల మధ్య నల్ల చుక్కలా కనిపిస్తాడు. తెల్ల చుక్క కోసమే చూసే ఆపరేటర్ ఆ నల్ల చుక్కను నీడ అనుకుని దాటేస్తాడు. పొద్దుగూకాక బండలు చల్లారుతూ ఒక దశలో మనిషి వేడికి సమానమవుతాయి. అప్పుడు అతను తెరమీద మాయమే. మెరుగైన సమయం తెల్లవారుజాము, ఎందుకంటే అప్పటికి బండ మనిషికన్నా బాగా చల్లబడి ఉంటుంది. వాన పడి నేలంతా తడిస్తే తేడాలన్నీ చెరిగిపోతాయి. నల్లమల వంటి దట్టమైన అడవిలో ఆకుల గొడుగు వేడిని కెమెరాదాకా రానివ్వదు. అక్కడ వేళ మార్చినా లాభం కొంతే. ఇవన్నీ ముందే లెక్కకట్టగలిగినవి. గాలింపుకు వెళ్లే బృందానికి ఒక ఫోన్ యాప్‌లో, ఈ కొండ మీద ఈ రోజు ఫలానా వేళనుంచి ఫలానా వేళదాకా కెమెరాకు మనిషి కనిపించడం కష్టం అని చూపించడానికి అంతరిక్ష పరిజ్ఞానమేం అక్కర్లేదు. అయినా అలాంటిది పౌర బృందాల చేతికి అందలేదంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ పోయేది ఒక ప్రాణం.

తేమ మాటకొస్తే కోస్తాలో వర్షాకాలపు ఉక్కపోత రోజున ఘనమీటరు గాలిలో 24 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. యూరప్ శీతకాలపు గాలిలో ఉండేది దాదాపు అందులో ఐదో వంతు. కెమెరా కంపెనీ చెప్పిన దూరం ఆ చలిగాలిలో కొలిచింది అయితే కాకినాడ తీరంలో అంత దూరం రాదు. 120 మీటర్ల ఎత్తునుంచి చూసే చిన్న డ్రోన్‌కు ఈ తేడా పెద్దగా తగలదు. కిలోమీటర్ల దూరంనుంచి సముద్రాన్ని కాపలా కాసే పెద్ద విమానాలకు తగులుతుంది. పంట ఆరోగ్యం చూసే బహువర్ణ కెమెరాలకు ఆవిరికన్నా పరుగెత్తే మబ్బు నీడలతో చిక్కు. సగం పొలం ఎండలో, సగం నీడలో తీసిన పటంలో నీడ భాగం తెగులులా కనిపించవచ్చు.

చూపు తర్వాత సంకేతాల సంగతి. వెచ్చటి సముద్రాల మీద తేమ పొరలు రేడియో తరంగాలను వంచి నీటి ఉపరితలం వెంటే నడిపిస్తాయి. దానివల్ల కొన్నిచోట్ల సంకేతం ఊహించనంత దూరం పోతుంది, కొన్నిచోట్ల ఖాళీలు ఏర్పడతాయి. అమెరికా నౌకాదళం దీనికోసం ఏరెప్స్ అనే సాధనం వాడింది. మన డ్రోన్ పైలట్లకు ఇంతకన్నా దగ్గరి సమస్య జీపీఎస్. ప్రాచుర్యంలో ఉన్న చాలా యాప్‌లు భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడిని తెలిపే కేపీ సూచిక అనే అంకె చూపించి, అది తక్కువుంటే జీపీఎస్‌కు ఢోకా లేదంటాయి. ఆ సూచికను ఎక్కువగా ధ్రువాలకు దగ్గరి, మధ్య అక్షాంశాల కేంద్రాల కొలతలనుంచి తీస్తారు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మనకు ముప్పు వేరే దారిన వస్తుంది. సూర్యాస్తమయం తర్వాత అయనోవరణంలో ప్లాస్మా బుడగలు లేచి ఉపగ్రహ సంకేతాన్ని మినుకుమినుకుమనిపిస్తాయి. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, సూర్యుడి చురుకు ఎక్కువున్న ఏళ్లలో ఇది మరీ ఎక్కువ. కేపీ అంకె తక్కువగా ఉన్న రాత్రి కూడా ఇది జరుగుతుంది. పరాయి ఆకాశం కోసం చేసిన కొలమానాన్ని మన ఆకాశానికి తగిలించుకుని నిశ్చింతగా ఉండటం మంచిది కాదు.

ఇన్ని సంగతులను పైలట్‌కు ఎలా చెప్పాలి అన్నది మరో చిక్కు. అమెరికా సైన్యపు పరిశోధనాశాల ఐవీడా అనే పద్ధతిలో ప్రతి యంత్రానికీ, ప్రతి పనికీ హద్దులు రాసి పెట్టి, సూచనను పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లోకి మార్చింది. ఈనాటి పౌర యాప్‌లలో చాలావాటిదీ అదే తీరు. రంగులు త్వరగా అర్థమవుతాయి, అది వాటి బలం. కానీ సెకనుకు 11.9 మీటర్ల గాలి పచ్చ, 12.1 అయితే ఎరుపు అన్నప్పుడు సూచనలోనే రెండు మూడు మీటర్ల తేడా రావచ్చన్న నిజం మరుగున పడుతుంది. పచ్చ అయ్యే అవకాశం పదిలో ఎన్ని పాళ్లో చెప్పే రంగు మేలు. ప్రపంచ మోడళ్లు ఇప్పటికే ఒకే రోజుకు పదుల కొద్దీ లెక్కలు వేసి ఆ అవకాశాన్ని చెప్పగలుగుతున్నాయి. అది ఫోన్ తెరదాకా రావడం లేదు.

మరి 120 మీటర్ల పొరను కొలిచేదెలా? జవాబు డ్రోన్ దగ్గరే ఉంది, అది ఈనాటి మాట కూడా కాదు. 1998 ఆగస్టు 20, 21 తేదీల్లో న్యూఫౌండ్‌లాండ్‌నుంచి స్కాట్లండ్ దీవులదాకా 26 గంటల 45 నిమిషాల్లో అట్లాంటిక్‌ను దాటిన తొలి మానవరహిత విమానం ఏరోసోండ్. దాన్ని పుట్టించింది ఆస్ట్రేలియా వాతావరణ పరిశోధకుల ఆలోచన. సముద్రం మీది గాలిని కొలవడానికి కట్టిన విమానమది. 2005లో అదే రకం విమానం ఒఫీలియా తుపానులోకి వెళ్లింది. 2014లో అమెరికా వారు ఎడ్వార్డ్ హరికేన్‌లోకి మనుషులున్న విమానం నుంచి కొయోటీ అనే చిన్న డ్రోన్లను వదిలి, మనుషులు పోలేని కింది పొరను కొలిచారు. ప్రపంచ వాతావరణ సంస్థ 2024 మార్చి నుంచి సెప్టెంబరు దాకా అనేక దేశాల్లో డ్రోన్లతో వాతావరణ కొలతల ప్రదర్శన నడిపించింది.

వీటికి ప్రత్యేక విమానాలు కావాలి. కానీ మామూలు మల్టీరోటర్ డ్రోన్‌కు ఆ అవసరం కూడా లేదు. గాలికి ఎదురు ఒకేచోట నిలబడాలంటే అది గాలివైపు వాలక తప్పదు. ఎంత వాలిందో దాని ఆటోపైలట్ సెకనుకు ఎన్నోసార్లు రాసుకుంటుంది. ఆ వాలునుంచి గాలి వేగాన్ని, దిక్కును లెక్కగట్టవచ్చని ఓక్లహోమా విశ్వవిద్యాలయం వంటి చోట్ల చేసి చూపించారు. అంటే మన పల్లెల్లో మందు కొట్టే ప్రతి డ్రోన్ లోపల, సర్వే చేసే ప్రతి డ్రోన్ లోపల, బెలూన్ అర నిమిషంలో దాటిపోయే పొర గురించిన కొలతలు నిలవ ఉన్నాయి. పని అయ్యాక అవి అక్కడే ఉండి, మెమరీ నిండగానే చెరిగిపోతున్నాయి.

ఆ కొలతలు ఎంత అవసరమో మన అనుభవమే చెబుతుంది. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మందులను డ్రోన్లతో పంపే ప్రయోగం మొదలైంది, అదీ వర్షాకాలం నడిమధ్యన. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో చిక్కుకున్న విజయవాడ ఇళ్లకు డ్రోన్లు తిండి, మందులు చేర్చాయి. జనానికి డ్రోన్ కావలసి వచ్చేది సరిగ్గా వాతావరణం బాగాలేని రోజునే. మంచి రోజుల సగటు లెక్కలతో ఆ రోజుకు సిద్ధం కాలేం.

ప్రమాదం జరిగితే 48 గంటల్లో తెలియజేయాలని డ్రోన్ నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. ఆ నివేదికతో పాటు ఆ ఎగురుడు తాలూకు గాలి, వాలు, బ్యాటరీ లాగ్ కూడా జతచేయాలన్న ఒక్క వాక్యం చేరిస్తే ఏ గాలిలో ఏ యంత్రం ఓడుతోందో ఏడాది తిరిగేసరికి తెలుస్తుంది. ప్రభుత్వ డబ్బుతో కొన్న ప్రతి డ్రోన్ లాగ్‌ను, రైతు పేరూ పొలం వివరాలూ తీసేసి, వాతావరణ శాఖకూ గాదంకి పరిశోధకులకూ అందేలా చేయాలి. ఐఐటీ హైదరాబాద్‌లోని టీహాన్ పరీక్షా కేంద్రం, గుంటూరులోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి మన వేడికి, మన తేమకు, మన పంటకు సరిపడే హద్దుల పట్టికలు తయారు చేయగలవు. రెండు తెలుగు రాష్ట్రాల డ్రోన్ కార్యక్రమాలను నడిపే అధికారులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే టెండరు పత్రంలో డ్రోన్ల సంఖ్యతో పాటు వాటి గాలి లాగ్ ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఏ రూపంలో అందాలో కూడా రాయించండి.